గొట్టం లెక్క నేర్పిన ఇంజనీరు – ఆల్ఫ్రెడ్ బ్యూకి

జులై 11 అనగానే మన జిల్లా వాళ్లకు నిజాంసాగర్ కట్టించిన నవాబ్ అలీ నవాజ్ జంగ్ గుర్తుకొస్తారు. ఆయన పుట్టింది 1877లో. తెలంగాణలో ఇంజనీర్ల దినోత్సవం ఆ రోజునే జరుపుకుంటున్నాం. సరిగ్గా రెండేళ్ల తర్వాత, 1879 జులై 11న, స్విట్జర్లాండ్‌లోని వింటర్‌టూర్ పట్టణంలో ఇంకో ఇంజనీరు పుట్టారు. ఆయనే ఆల్ఫ్రెడ్ బ్యూకి. ఇవాళ బోధన్ రోడ్డు మీద కనిపించే లారీలు, బస్సులు, డీజిల్ కార్లలో చాలావాటి బానెట్ కింద తిరిగే టర్బో ఈయన ఆలోచనే.

మేము ఈ హాస్టల్‌లో పదో తరగతి దాకా చదివి, ఐటీఐలో డీజిల్ మెకానిక్ ట్రేడ్ చేసిన పాత విద్యార్థులం. ఆయన ఏళ్ల తరబడి కుస్తీ పట్టిన గొట్టాల లెక్కలోనే మేమూ ఒకసారి దెబ్బతిన్నాం. అందుకే ఈ సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకున్నాం.

బ్యూకి మనలాగా సర్కారు పళ్లెం పట్టుకుని లైన్లో నిలబడిన మనిషి కాదు. తండ్రి సుల్జర్ అనే పెద్ద ఇంజన్ల కంపెనీలో ఉన్నతాధికారి. కానీ ఇంజన్‌కు ఎవరి కొడుకన్నది తెలియదు కదా! జ్యూరిక్ పాలిటెక్నిక్‌లో 1903లో చదువు ముగించి, బెల్జియంలోనూ ఇంగ్లండులోనూ పనిచేశారు. ఇంజన్‌లో కాలే ఇంధనపు వేడిలో పెద్ద భాగం పొగతోపాటు వృథాగా పోవడం ఆయన్ను పట్టి పీడించింది. ఆ పొగతోనే ఒక చక్రాన్ని తిప్పి, ఆ చక్రంతో గాలిని అదిమి తిరిగి ఇంజన్‌లోకే పంపితే? ఎక్కువ గాలి ఉంటే ఎక్కువ ఇంధనం కాలుతుంది, అదే సైజు ఇంజన్ ఎక్కువ బరువు లాగుతుంది. ఈ ఊహకు 1905లో పేటెంట్ తీసుకున్నారు. అప్పటికి ఆయన వయసు 26 ఏళ్లు.

కాగితం మీద తేలికే. తర్వాత సుల్జర్‌లో చేరి ప్రయోగాలు చేశారు. 1915లో నమూనా ఇంజన్ తయారైంది కానీ, అనుకున్నట్టు పనిచేయలేదు. ఇంకొకరైతే అక్కడితో వదిలేసేవారు. ఆయన మరో పదేళ్లు దాన్నే పట్టుకున్నారు.

1925లో దారి దొరికింది. కిటుకు గొట్టాల్లో ఉంది. సిలిండర్ నుంచి పొగ ఒకే ధారగా రాదు, ఊపుగా తెరలు తెరలుగా వస్తుంది. అన్ని సిలిండర్ల పొగనూ ఒకే లావు గొట్టంలో కలిపేస్తే ఆ ఊపు అక్కడే చచ్చిపోతుంది. ఒకదానికొకటి అడ్డురాని సిలిండర్లను జతలు కట్టి, సన్నటి గొట్టాలతో వేర్వేరుగా టర్బైన్‌కు చేరిస్తే ఊపు చక్రానికే దక్కుతుంది. ఆ రోజుల్లోనే జర్మనీ ప్రయాణికుల ఓడలు రెండింటికి ఆయన పద్ధతి పెడితే, పది సిలిండర్ల ఇంజన్ 1750 గుర్రపుశక్తి నుంచి 2500కు పెరిగింది. 1926లో సుల్జర్‌ను వదిలి, ఇతర కంపెనీలతో కలిసి సొంత సంస్థ పెట్టుకున్నారు. 1938లో స్విట్జర్లాండ్‌లోని సౌరర్ కంపెనీ లారీ ఇంజన్‌కూ టర్బో పెట్టింది. మన శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నెలకొల్పిన మరుసటి ఏడాది అది. 1959 అక్టోబరులో పుట్టిన ఊళ్లోనే బ్యూకి కన్నుమూశారు. టర్బో కార్లు అమ్మకానికి వచ్చింది 1962లో, అమెరికాలో. అవి చూసే భాగ్యం ఆయనకు లేకపోయింది.

ఇప్పుడు మా సంగతి. గాలిని అదిమితే వేడెక్కుతుంది, పలచబడుతుంది. అందుకే టర్బోకూ ఇంజన్‌కూ మధ్య దాన్ని చల్లార్చే ఇంటర్‌కూలర్ పెడతారు. ఒక షెడ్డులో పనిచేసే రోజుల్లో 1.5 లీటర్ల డీజిల్ కారు వచ్చింది. ఓనరు పికప్ పెంచమన్నాడు. పెద్ద పైపైతే పెద్ద బలం అనుకుని, 2 అంగుళాల ఇంటర్‌కూలర్ పైపులు తీసి 3 అంగుళాలవి బిగించాం. కారు వారానికే తిరిగొచ్చింది. యాక్సిలరేటర్ తొక్కితే ముందు నిద్రపోయి తర్వాత లేస్తోంది. సామాన్ల ఖర్చు మా జీతాల్లోంచే పోయింది. మాలో చిన్నవాడు ఆ నెల ఇంటికి ఒక్క రూపాయి పంపలేకపోయాడు.

తర్వాత పాత నోటుబుక్కు తీసి లెక్క వేశాం. ఆ ఇంజన్ 4000 చుట్లు తిరిగినా సెకనుకు సుమారు 50 లీటర్ల గాలే పీలుస్తుంది. 2 అంగుళాల పైపులో ఆ గాలి వేగం సెకనుకు 25 మీటర్లే. ఇరుకు అన్న మాటే లేదు. ఇక 2 మీటర్ల పొడవులో 2 అంగుళాల పైపు 4 లీటర్లు పడితే, 3 అంగుళాలది 9 లీటర్లు పడుతుంది. తొక్కిన ప్రతిసారీ ఆ అదనపు 5 లీటర్ల చోటు కూడా ఒత్తిడితో నిండాలి. అలాగని మరీ సన్నం చేసినా నష్టమే. వ్యాసం సగమైతే, అంతే గాలికి రాపిడి సుమారు 32 రెట్లు అవుతుంది. బోరు మోటారుకు సన్న పైపు వేస్తే నీళ్లు ఎలా తగ్గుతాయో మన రైతులకు చెప్పనక్కర్లేదు. పాత పైపులు మళ్లీ వేశాక కారు మామూలుగా లాగింది.

ఇంకో విశేషం. బ్యూకి తర్వాత టర్బోలు మెరుగుపడ్డాక, పెద్ద ఓడల ఇంజన్లు తిరిగి ఒకే లావు గొట్టానికే వెళ్లాయి. అంటే సన్నం గొప్పా, లావు గొప్పా అన్నది కాదు. ఏ ఇంజన్‌కు ఎంత కావాలన్నదే ప్రశ్న.

తమ్ముళ్లారా! ఎనిమిదో తరగతిలో వృత్త వైశాల్యం చెబుతుంటే, ఇది మనకెందుకని వెనక బెంచీలో నవ్వుకున్నవాళ్లం మేమే. ఆ నవ్వు ఖరీదు ఒక నెల జీతం. మీరు ఆ లెక్కను ఇక్కడే, ఈ ట్యూబులైటు కిందే నేర్చుకోండి. మొదటిసారి తప్పితే సిగ్గుపడకండి. 1915లో ఓడిన మనిషి 1925లో గెలిచాడని గుర్తుంచుకోండి. వచ్చే జులై 11న అలీ నవాజ్ జంగ్‌తోపాటు ఆయన్నూ ఒకసారి తలుచుకుందాం.