బ్రహ్మర్షి రఘుపతి వెంకటరత్నం నాయుడు గారు: పాఠం చెప్పడమే పూజగా బతికిన గురువు

ఈ వారం వీడియోలో టైం సరిపోక వదిలేసినవి ఇక్కడ రాస్తున్నాను. నాయుడు గారు బ్రహ్మసమాజం వారు, విగ్రహారాధన లేదు, మరి మన ఛానల్‌లో ఎందుకూ అని కొందరికి అనిపించవచ్చు. ఒక కాలేజీ ప్రిన్సిపాల్‌ని జనం బ్రహ్మర్షి అని పిలుచుకున్నారంటే ఆ భక్తి ఎలాంటిదో తెలుసుకోవాలి కదండీ.

1862 అక్టోబరు 1న మచిలీపట్నంలో పుట్టారు. తండ్రి అప్పయ్య నాయుడు గారు సైన్యంలో పనిచేశారు. మద్రాసు క్రిస్టియన్ కాలేజీలో చదువు. భార్య చిన్న వయసులోనే పోయారు, ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. ఒంటిమీద ఎప్పుడూ తెల్లబట్టలే, అందుకే శ్వేతాంబర ఋషి అన్నారు. మచిలీపట్నం నోబుల్ కాలేజీలో, సికిందరాబాదు మహబూబ్ కాలేజీలో పనిచేసి, కాకినాడ పిఠాపురం రాజా వారి కాలేజీకి ప్రిన్సిపాల్‌గా వచ్చారు. 1919 వరకు అక్కడే.

అసలు కథ కాకినాడదే. ఆడపిల్లల్ని మగపిల్లలతో పాటు అదే కాలేజీలో చేర్చుకున్నారు. దళిత విద్యార్థుల్ని చేర్చుకున్నారు. సీటు ఇవ్వడం ఒక్కటే అయితే అంత కష్టం కాదేమో. ఆ రోజుల్లో పేద పిల్లలు వారాలు చేసుకుని చదువుకునేవారు, అంటే రోజుకో ఇంట్లో భోజనం. దళిత కుర్రాడికి ఏ ఇంటి తలుపు తీస్తారు? ఫీజు మాఫీ చేసినా రాత్రికి అన్నం ఎక్కడ? నాయుడు గారు ఇది చూశారు. వాళ్ళ కోసం హాస్టల్ పెట్టించారు, అనాథ పిల్లలకి శరణాలయం పెట్టించారు. పిఠాపురం మహారాజా సూర్యారావు బహద్దూర్ గారు ఆయన్ని గురువుగా భావించి అండగా నిలిచారు. తన జీతంలోంచి కూడా ఎంతోమంది ఫీజులు కట్టారు.

మాది గుంటూరు జిల్లా ప్రత్తిపాడు (కాకినాడ వైపు ఇంకో ప్రత్తిపాడు ఉంది, అది కాదు). మా దగ్గర మిరపకాయ కోతలు మొదలైతే కూలి ఇళ్ళ పిల్లలు వారాలకు వారాలు బడికి రారు. తిరిగొచ్చేసరికి పాఠం ఎక్కడికో వెళ్ళిపోయి ఉంటుంది. రానివాడిది తప్పు అని సిలబస్ ముందుకు లాక్కెళ్ళడం తేలిక. ఎందుకు రాలేదో కనుక్కుని, వాడికోసం మళ్ళీ చెప్పే మాస్టారు ఒక్కరున్నా ఆ పిల్లాడు పదో తరగతి గట్టెక్కుతాడు. అందరికీ ఒకే పాఠం చెప్తే సమానత్వం వచ్చేసినట్టు కాదని నాకు నాయుడు గారి జీవితం చదివాకే బాగా ఎక్కింది.

అలాగని ఆయన మెతక మనిషి అనుకోకండి. శీలం విషయంలో మహా పట్టుదల. పెద్దల ఇళ్ళల్లో భోగం మేళాలు పెట్టించే ఆచారాన్ని గట్టిగా ఎదిరించారు. ఆ మేళాల మీదే బతుకుతున్న ఆడవాళ్ళ తిండి సంగతి ఆ ఉద్యమం తగినంత ఆలోచించిందా అని నాకు ఇప్పటికీ సందేహమే.

1924లో సర్ బిరుదు వచ్చింది. 1925 నుంచి మూడేళ్ళు మద్రాసు విశ్వవిద్యాలయం వైస్ ఛాన్సలర్. 1939 మే 26న కన్నుమూశారు. ఆయన ప్రభావంలో పెరిగినవారిలో దేవులపల్లి కృష్ణశాస్త్రి గారు ఒకరు. ఆయన రాసిన పాటల గురించి వచ్చే వారం వీడియోలో మాట్లాడుకుందాం అండి.