47 ఏళ్ళకు దక్కిన గౌరవం

భారత వైమానిక దళంలో మహిళలు ఫైటర్ పైలట్లుగా నియమితులైంది 2016లో. అంతకు 74 ఏళ్ళ పూర్వమే సోవియట్ యువతి లిడియా లిత్వ్యాక్ స్టాలిన్‌గ్రాడ్ గగనతలంలో జర్మన్ విమానాలతో తలపడ్డారు.

ఆమె 1921లో మాస్కోలో జన్మించారు. 1937లో స్టాలిన్ ప్రభుత్వం తండ్రిని ప్రజాద్రోహిగా నిర్బంధించినా విమానయానాన్ని వీడలేదు. యుద్ధకాలంలో మెరీనా రస్కోవా కృషితో ఏర్పడిన మహిళా ఫైటర్ రెజిమెంటులో చేరి, అనంతరం పురుషుల రెజిమెంటుకు మారారు. 1942 సెప్టెంబరు 13న రెండు శత్రు విమానాలను కూల్చిన ఘనత ఆమెకు దక్కింది. గాయపడి కోలుకున్నాక మళ్ళీ యుద్ధరంగానికే వెళ్ళారు.

1943 ఆగస్టు 1న, 21వ ఏట, ఆమె యాక్-1 విమానం తిరిగి రాలేదు. మృతదేహం లభించకపోవడంతో, శత్రువుకు బందీగా చిక్కారేమోనన్న అనుమానం అత్యున్నత పురస్కారానికి అడ్డు నిలిచింది. సోవియట్ యూనియన్ హీరో బిరుదు మరణానంతరం, 1990లో, గోర్బచేవ్ హయాంలో లభించింది. మరుసటి ఏడాదే ఆ సోవియట్ యూనియన్ అంతరించింది.