శామ్యూల్ క్రాంప్టను: మరను కనిపెట్టి మోసపోయిన నూలుపనివాడు

క్రొత్త యంత్రమును కనిపెట్టినవానిని లక్ష్మి తనంతట వచ్చి వరించునని మనలో పెక్కుమంది నమ్మిక. ఈ నమ్మిక కాధారము ఆర్క్‌రైటు వంటివారి చరిత్రలు. క్షురకవృత్తితో జీవిత మారంభించిన యాతడు నూలుమరలవలన సర్ బిరుదమును, విస్తారమైన ధనమును గడించి 1792లో కన్నుమూసెను. అదే కాలమున, అదే లాంకషైరు మండలమున, అంతకంటె మేలైన మరను తన యింటిగదిలో స్వహస్తములతో నిర్మించినవాడు శామ్యూల్ క్రాంప్టను. ఇంగ్లండు చరిత్ర చదివిన విద్యార్థులకు ఆతని పేరు తెలియును. ఆ మర అంగడి కెక్కిన తీరు మాత్రము చాలమందికి తెలియదు.

క్రాంప్టను 1753 డిసెంబరు 3వ తేదీన బోల్టను పట్టణ సమీపమున జన్మించెను. తలిదండ్రులు కౌలునకు కొంత భూమి సాగుచేసికొనుచు, తీరిక వేళల నూలు వడకుటయు, నేయుటయు చేయుచుండెడివారు. తండ్రి యాతని పసితనముననే గతించెను. తల్లి బెట్టీ గట్టి మనిషి. ‘హాలిత్‌వుడ్’ అను పాతభవనములో కొన్ని గదులలో కాపురముండి సంసారము నీడ్చుచు, కొడుకు దినమున కింత నూలు వడకవలెనని నియమము పెట్టి, తక్కువైనచో మందలించెడిది. హార్‌గ్రీవ్సు కనిపెట్టిన ‘జెన్నీ’ రాట్నముపై పిల్లవాడు వడకుచుండెను. దాని నూలు బలహీనమైనది, మాటిమాటికి తెగునది. తెగిన పోగుల నతుకుటలోనే ప్రొద్దు గడచిపోవుచుండెను. తల్లి మందలింపును తప్పించుకొనవలెనను కోరికయే యాతని పరిశ్రమకు మూలమనిన తప్పులేదు.

1774 ప్రాంతమున మొదలిడి 1779 వరకు ఐదేండ్లపాటు ఆతడు పగలు కూటికొరకు వడకుచు, రాత్రులు మరపై పాటుపడెను. పనిముట్లు కొనుటకు సొమ్ము చాలక బోల్టను నాటకశాలలో రాత్రి కొకటిన్నర షిల్లింగుకు ఫిడేలు వాయించెను. అర్ధరాత్రమున ఆ పాతభవనములో దీపము వెలుగుటయు, చప్పుళ్లు వినబడుటయు గమనించి ఇరుగుపొరుగువారు దయ్యములు తిరుగుచున్నవని భయపడిరట.

మన యింటి రాట్నము నెఱిగినవారికి ఆ మర పోకడ సులభముగనే బోధపడును. రాట్నము త్రిప్పునపుడు ఒక చేయి ఏకును వెనుకకు లాగుచుండగా కదురు పురి యెక్కించును. క్రాంప్టను మరలో చేయి కదలుటకు మారుగా కదుళ్లే చక్రములుగల బండిపై నెక్కి వెనుకకు నడచును. ఆర్క్‌రైటు మరలోని రోలర్లు దూదిని సాగదీసి సమముగా వదలుచుండగా, బండి దానిని మెల్లగా లాగుచు పురిపెట్టును. పోగుపై బరువు పడదు గనుక ఎంత సన్నముగా తీసినను తెగదు. మొదటి మరకు 48 కదుళ్లు. గుఱ్ఱమునకును గాడిదకును పుట్టిన కంచరగాడిదవలె రెండు మరల కలయికవలన పుట్టినది గావున దానికి ‘మ్యూలు’ అని పేరు నిలిచెను. అది సిద్ధమైన 1779లోనే లాంకషైరు పనివారు తమ కూడు పోవుచున్నదని మరలను విరుగగొట్టసాగిరి. క్రాంప్టను తన మరను ముక్కలుగా విడదీసి అటకపై దాచి కాపాడుకొనెను.

మరుసటి సంవత్సరము ఆతడు వివాహమాడెను. దంపతులిరువురును రహస్యముగా వడకి నూలు నంగడికి పంపిరి. 40వ నంబరు నూలునకు పౌను తూకమునకు 14 షిల్లింగులును, 60వ నంబరునకు 25 షిల్లింగులును, కొద్దిపాటిగా తీసిన 80వ నంబరునకు 42 షిల్లింగులును లభించెను. ఇట్టి సన్ననూలు అంతవరకు ఢాకాలోను, మన శ్రీకాకుళ ప్రాంతమునను స్త్రీల వ్రేళ్లకే సాధ్యమైయుండెను. లాంకషైరు వర్తకులు ఆశ్చర్యపడి హాలిత్‌వుడ్డునకు మూగిరి. నూలు కొనుట నెపముగా లోన జొరబడజూచిరి, నిచ్చెనలు వేసి కిటికీలలోనుండి తొంగిచూచిరి. క్రాంప్టను గదిలో తెర కట్టవలసివచ్చెను.

ఇక నాతనికి మిగిలిన మార్గములేవి? రహస్యముగా నుంచుట కొంతకాలమే సాగును, నేర్పరియైన వడ్రంగి యొక్కమారు చూచిన చాలును. ఆకాలమున ఇంగ్లండులో పేటెంటు హక్కు పొందుటకు నూరు పౌనులకు పైబడి వ్యయమగును. పైగా రోలర్లపై ఆర్క్‌రైటు 1769లో పొందిన పేటెంటు 14 ఏండ్లపాటు, అనగా 1783 వరకు చెల్లునది. తన మర యెంత గొప్పదైనను, అందులో పరునికి హక్కుగల భాగమున్నచో కోర్టున కెక్కవలసివచ్చునని కల్పకులు పలువురు ఆలస్యముగా గ్రహింతురు.

ఈ సంకటములో వర్తకులు మంచిమాటలు చెప్పిరి. మరను బహిరంగముగా నిచ్చివేసినచో తలకొక చందా వేసి తగిన ప్రతిఫల మిత్తుమనిరి. కాగితముపై పేర్లు వ్రాసిరి. ఒక గినీ వేసినవారును, అందులో సగము వేసినవారును కలరు. ఆ కాగితమునకు చట్టమున బలములేదు. క్రాంప్టను మరను, దాని మాదిరులను ఒప్పగించెను. క్రయధనము చేతబడకమున్నే దస్తావేజు వ్రాసి భూమిని స్వాధీనము చేసినట్లే గదా! మర చేతికి వచ్చిన పిదప కొందరు తాము వ్రాసిన చందా నీయకుండుటయేగాక ఆతనినే నిందించిరి. వసూలైనది సుమారు 60 పౌనులు. దానితో ఆతడు చేసికొనగలిగినది 52 కదుళ్ల మరియొక మర. ఐదేండ్ల తపస్సునకు ఫలము నాలుగు కదుళ్లు!

మన దేశమున అఖిల భారత చరఖా సంఘము 1929లో పల్లె గుడిసెలో త్రిప్పదగిన మెఱుగైన రాట్నమునకు లక్ష రూపాయల బహుమతిని ప్రకటించినపుడు, యంత్రపు వెల 150 రూపాయలకు మించరాదని ముందే షరతు చెప్పినది. ఆ బహుమతి ఎవరికిని దక్కలేదు. అయినను కల్పకుడు తన కేమి రాగలదో ముందుగా నెఱుగుట యొక న్యాయము. బోల్టను వర్తకుల కా న్యాయము తోచలేదు.

తప్పంతయు వర్తకులదే యనుటయు సత్యము కాదు. క్రాంప్టను అభిమానధనుడు, సంకోచి, బేరమాడ నెఱుగనివాడు. సుప్రసిద్ధ మిల్లుదారుడు రాబర్టు పీలు తన కొలువులో చేరుమని, పిదప భాగస్థుడవు కమ్మని కోరినను నిరాకరించెను. తానే వ్యాపారము సాగింపబోగా, తాను నేర్పిన పనివారిని ఇతరులు హెచ్చుకూలి చూపి లాగికొనిరి. విసిగి తాను చేసిన ఏకుమర నొకదానిని గొడ్డలితో నరికివేసెనట. ఇట్టివాని ప్రక్కన లెక్క తెలిసిన స్నేహితు డొక్కడున్నను కథ వేరుగ నుండెడిది.

ఈలోగా మ్యూలు నీటిబలముతోను, ఆవిరిబలముతోను తిరుగసాగెను. 1811లో క్రాంప్టను నూలుమండలములను స్వయముగా తిరిగి లెక్క తీసెను. మ్యూలు కదుళ్లు 46 లక్షలకు పైగా తేలినవి. ఆర్క్‌రైటు పద్ధతివి మూడు లక్షల పైచిల్లర, జెన్నీవి లక్షన్నర ప్రాంతము. ఈ లెక్కతో పార్లమెంటునకు అర్జీ పెట్టుకొనెను. ప్రధానమంత్రి పెర్సివలు 20,000 పౌనులు ప్రతిపాదింప నుండెనని చెప్పుదురు. 1812 మే 11వ తేదీన ఆ మంత్రి సభాభవనపు నడవలో తుపాకిగుండునకు బలియయ్యెను. ఆ సమయమున క్రాంప్టను కొలదిదూరములోనే యుండెనట! తుదకు మంజూరైనది 5,000 పౌనులు. మరమగ్గమును కనిపెట్టిన కార్ట్‌రైటునకు మూడేండ్లక్రిందట 10,000 ఇచ్చిన సభయే యిది.

ఆ ధనముతో కుమారులను చేర్చుకొని చలువచేయు కార్ఖానాయు, ప్రత్తివ్యాపారమును సాగించెను. రెండును నిలువలేదు. 1824లో స్నేహితులు చందాలు పోగుచేసి యేటికి 63 పౌనుల భరణ మేర్పరచిరి. అప్పటికే మ్యూలు నూలు సముద్రముదాటి మన మగ్గములకు దిగుచుండెను. దానివలన మన వడుకు స్త్రీల కూడు పోయెను. కనిపెట్టినవానికిని కూడు నిలువలేదు. 1827 జూను 26వ తేదీన బోల్టనులో తన 73వ యేట ఆతడు మరణించెను.

1862లో ఆ పట్టణవాసులు సుమారు 2,000 పౌనులు చందా వసూలుచేసి నడివీధిలో ఆతని కంచువిగ్రహమును నిలిపిరి. అప్పటికి జీవించియున్న కుమారుడు జాన్ బీదరికముననుండెను. ప్రధానమంత్రి పామర్‌స్టను ఆతనికి 50 పౌనులు పంపెను.