వాల్తేరులో వెలుగు చారలు చదివిన ఆచార్యుడు

స్వర్ణోత్సవ సంచికకు ఏదైనా రాయమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చిన పేరు ఆచార్య సూరి భగవంతం గారిది. ఆప్టికల్ ఫైబర్‌తో ఉక్కు కట్టడాల సాగుడును కొలవడం నా వృత్తి. ఆ కొలతకు ఆధారమైన శాస్త్రంలో ఒక ముఖ్యమైన అధ్యాయం మన ఊరి విశ్వవిద్యాలయ ఆచార్యుడిదే.

ఆయన 1909లో కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కళాశాలలో చదివి, 1928లో కలకత్తాలో సి.వి.రామన్ గారి దగ్గర చేరారు. 1932లో వాల్తేరుకు వచ్చి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర పరిశోధనకు గట్టి పునాది వేశారు.

పారదర్శక పదార్థాన్ని నొక్కితే, దానిలోకి వెళ్ళిన ధ్రువిత కాంతి రెండుగా విడిపోయి వేర్వేరు వేగాలతో సాగుతుంది. బయట పోలరాయిడ్ గుండా ఆ రెండూ కలిసినప్పుడు వ్యతికరణం వల్ల చారలు కనబడతాయి. ఆ చారలు లెక్కపెడితే లోపలి ఒత్తిడి తెలుస్తుంది. పోర్టు క్రేను కొక్కేనికి ప్లాస్టిక్ నమూనా చేసి, అది ఎక్కడ విరగవచ్చో ఇలాగే చూడవచ్చు.

స్ఫటికాల్లో ఈ గుణానికి ఎన్ని స్థిరాంకాలు కావాలో జర్మన్ శాస్త్రవేత్త పాకెల్స్ పట్టిక వేశారు. దశాబ్దాలపాటు అందరూ దాన్నే నమ్మారు. భగవంతం గారు 1942లో గ్రూపు సిద్ధాంతంతో మళ్ళీ లెక్క కట్టి, కొన్ని తరగతుల్లో ఆ పట్టిక తప్పని చూపారు. మనింట్లో ఉండే పటిక తరగతికి మూడు కాదు, నాలుగు స్థిరాంకాలు కావాలి. తర్వాతి ప్రయోగాలు ఆయన మాటనే నిలబెట్టాయి.

ఇది కాగితం మీది పట్టింపు కాదు. ఫైబర్ సాగితే పొడవుతోపాటు గాజు వక్రీభవన గుణకమూ మారుతుంది. ఆ స్థిరాంకాన్ని లెక్కలో వదిలేస్తే సాగుడు అసలుకన్నా ఐదో వంతు తక్కువగా కనిపిస్తుంది. వంతెన విషయంలో అది ప్రాణాలతో చెలగాటం.

తర్వాత ఆయన ఉస్మానియా ఉపకులపతిగా, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ డైరెక్టరుగా, 1961 నుంచి 1969 వరకు రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారుగా పనిచేశారు. 1989లో కన్నుమూశారు.

మిత్రులకు ఒక మనవి. జూబిలీ నిధిలోంచి మన బడి ప్రయోగశాలకు నాలుగు జతల పోలరాయిడ్ రేకులు కొందాం. రెండు రేకుల మధ్య ప్లాస్టిక్ కోణమానిని పెట్టి వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే చాలు, రంగుల చారలు కనబడతాయి. అచ్చులో ఉన్నదాన్ని కూడా సరిచూడవచ్చన్న ధైర్యం మన పిల్లలకు అక్కడ మొదలవ్వాలి.