పలుగురాయి లెక్కలు చెప్పిన సూరి భగవంతం గారు

వసంత్ కుంజ్‌లో జనవరి చలి ఎలా ఉంటుందో మనకు వేరే చెప్పక్కర్లేదు. పొగమంచులో స్కూలు బస్సు కనిపించదు, హారన్ మాత్రం వినిపిస్తుంది. అలాంటి రోజున హీటర్ లేని గదిలో 5 డిగ్రీలే ఉందనుకుందాం. ఆ గది గోడ గడియారంలో చిన్న పలుగురాయి ముక్క ఒకటి సెకనుకు 32,768 సార్లు కంపిస్తూ ఉంటుంది. పలుగురాయి అంటే క్వార్ట్జ్. 25 డిగ్రీల దగ్గర అది అన్నిటికంటే వేగంగా కంపిస్తుంది. గడియారాన్ని ఆ వేగానికే సరిచేసి పెడతారు. రోజంతా 5 డిగ్రీల్లోనే ఉంటే గడియారం ఒక సెకను కంటే కాస్త ఎక్కువే వెనకబడుతుంది. మే నెలలో 45 డిగ్రీల్లో రోజంతా ఉంచితే? ముందుకు పోతుందని మా క్లాసులో చాలామంది చేతులెత్తారు. పోదు. మళ్లీ అంతే వెనకబడుతుంది.

రాయి వేడికీ చలికీ ఇలా ఎందుకు మారుతుంది? దీనికి జవాబు స్ఫటికాల గట్టితనం లెక్కల్లో ఉంది. ఆ లెక్కలతో దశాబ్దాలు గడిపిన తెలుగు శాస్త్రవేత్త సూరి భగవంతం గారు.

ఆయన 1909 అక్టోబరు 14న కృష్ణా జిల్లా ఆగిరిపల్లిలో పుట్టారు. హైదరాబాదు నిజాం కాలేజీలో ఫిజిక్సు చదివి, 1928లో కలకత్తా వెళ్లి సి.వి. రామన్ గారి దగ్గర చేరారు. రామన్ ఎఫెక్టు బయటపడిన సంవత్సరమే అది. అప్పటికి ఆయనకు ఇరవయ్యేళ్లు కూడా నిండలేదు. మూడేళ్లు తిరిగేసరికి, కాంతి కణానికి స్పిన్ అనే గుణం ఉందని చూపించే ప్రయోగంలో రామన్ గారితో కలిసి పనిచేశారు. 1932లో వాల్తేరు వచ్చి ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చేరారు. అప్పుడు అక్కడి వైస్ చాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు.

వాల్తేరులో ఆయన పట్టుకున్న ప్రశ్న చూడటానికి చిన్నదే. ఒక స్ఫటికాన్ని నొక్కితే ఎంత లొంగుతుంది? గాజు ముక్కను ఏ వైపు నుంచి నొక్కినా ఒకటే. స్ఫటికం అలా కాదు. దానిలో అణువులు వరుసలు కట్టి ఉంటాయి కాబట్టి ఒక దిక్కున గట్టిగా, ఇంకో దిక్కున మెత్తగా ఉంటుంది. ఆ గట్టితనాన్ని పూర్తిగా చెప్పాలంటే గాజుకు రెండు అంకెలు చాలు, వజ్రానికి మూడు కావాలి, పలుగురాయికి ఆరు కావాలి. వీటినే స్థితిస్థాపక స్థిరాంకాలు అంటారు. ఏ స్ఫటికానికి ఎన్ని కావాలో కొలవకముందే, దాని సౌష్ఠవాన్ని బట్టి గణితంతో చెప్పవచ్చు. ఆ గణితం పేరు గ్రూపు సిద్ధాంతం. టి. వెంకటరాయుడు గారితో కలిసి భగవంతం గారు దాని మీద రాసిన పుస్తకాన్ని ఆంధ్ర విశ్వవిద్యాలయమే 1948లో అచ్చువేసింది.

ఎన్ని అంకెలు కావాలో తెలిశాక వాటిని కొలవాలి కదా. అప్పుడు యుద్ధం వచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. విశ్వవిద్యాలయాన్ని గుంటూరుకు తరలించారు. నాన్నగారికి బదిలీ అయితే ఇంట్లో ఎన్ని అట్టపెట్టెలు కడతామో మనకు తెలుసు. ఒక యూనివర్సిటీకే బదిలీ అయితే ఎలా ఉంటుందో ఊహించుకోండి!

ఆ యుద్ధకాలంలోనే, 1944లో, భగవంతం గారూ జె. భీమసేనాచార్ గారూ కొత్త కొలత పద్ధతి ఒకటి ప్రకటించారు. దానికి ముఖ్యమైన పనిముట్టు ఒక పలుగురాయి పలకే. కాకపోతే అది ఒకవైపు మందంగా, రెండోవైపు పల్చగా, తలుపు కదలకుండా కింద దోపే చెక్కముక్కలా ఉంటుంది. కరెంటు ఇస్తే మందంగా ఉన్నచోట నెమ్మదిగా, పల్చగా ఉన్నచోట వేగంగా కంపిస్తుంది. అంటే ఒక్క పలక నుంచే వరసగా అన్ని ఫ్రీక్వెన్సీలూ దొరుకుతాయన్నమాట. కొలవాల్సిన స్ఫటికాన్ని దానికి ఆనించి, ఏ ఫ్రీక్వెన్సీ దగ్గర ధ్వని దాని గుండా బాగా దాటిపోతుందో చూస్తారు. అందులోంచి ధ్వని వేగం, ఆ వేగంలోంచి గట్టితనం లెక్క కడతారు. 1946లో ఇద్దరూ కలిసి వజ్రం గట్టితనాన్ని కూడా ఈ పద్ధతితో ప్రకటించారు.

ఇక మన ప్రశ్నకు వద్దాం. వేడెక్కితే పలుగురాయి గట్టితనపు అంకెలు మారతాయి. అన్నీ ఒకవైపుకే మారవు. చాలావరకు తగ్గుతాయి, ఒకటి మాత్రం పెరుగుతుంది. కాబట్టి రాయిని సరైన కోణంలో కోస్తే తగ్గేదీ పెరిగేదీ చాలావరకు ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. 1934లో అమెరికాలో బెల్ ప్రయోగశాల వాళ్లు అలాంటి కోత ఒకటి ప్రకటించారు. కోణం 35 డిగ్రీల పైన కొంచెం. రెండో ప్రపంచ యుద్ధంలో సైనిక రేడియోల కోసం కోట్లకొద్దీ పలుగురాయి పలకలు తయారయ్యాయి.

ఎంత బాగా కోసినా కాస్త తేడా మిగులుతుంది. దాన్ని కూడా తగ్గించాలంటే స్ఫటికానికి వాతావరణమే మారకుండా చూడాలి. అందుకే దాన్ని అగ్గిపెట్టెంత లోహపు డబ్బాలో హీటరుతో సహా పెట్టి ఎప్పుడూ ఒకే వేడిలో ఉంచుతారు. ఆ డబ్బాను ఓవెన్ అనే పిలుస్తారు, కేకు మాత్రం కాలదు. ఈ ఓవెన్‌ను సాధారణంగా 70 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంచుతారు. అంత వేడి ఎందుకు? డబ్బాలో వేడిచేసే హీటరే ఉంది, చల్లబరిచే కూలరు లేదు. ఢిల్లీ మే నెలలో ఎండన పడిన పరికరం లోపల 60 డిగ్రీలు దాటవచ్చు. ఓవెన్‌ను 50కే పెడితే ఆ రోజు హీటరు ఆగిపోయినా వేడి తగ్గదు, స్ఫటికం ఎండ పాలవుతుంది. కాబట్టి బయట ఎంత వేడి రావచ్చో దానికంటే కొన్ని డిగ్రీలు పైనే ఉంచాలి. మరీ పైన ఉంచితే కరెంటు వృథా, స్ఫటికమూ తొందరగా ముసలిదవుతుంది. ఇంకో సంగతి కూడా ఉంది. మన గోడ గడియారపు రాయికి 25 ఎలాగో, ప్రతి స్ఫటికానికీ వేడి కాస్త అటూఇటూ అయినా ఫ్రీక్వెన్సీ దాదాపు కదలని చోటు ఒకటి ఉంటుంది. ఓవెన్‌ను సరిగ్గా అక్కడ నిలపాలి. ఆ చోటు ఒక్కో ముక్కకు కొద్దిగా వేరు కనుక మంచి ఓవెన్లను ఒక్కొక్కటిగా పరీక్షించి సరిచేస్తారు. అలా చేస్తే వేడి వల్ల వచ్చే తేడా ఏడాదికి సెకనులో మూడో వంతుకు కూడా తగ్గించవచ్చు.

భగవంతం గారు ఓవెన్లు తయారు చేయలేదు. ఆయన పని అంతకంటే ఒక మెట్టు కింద, పునాది దగ్గర.

1948లో లండన్‌లోని మన హైకమిషన్‌లో శాస్త్ర వ్యవహారాల అధికారిగా వెళ్లారు. తిరిగి వచ్చి హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేరి, 1952 నుంచి 1957 దాకా వైస్ చాన్సలర్‌గా ఉన్నారు. తర్వాత బెంగళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు డైరెక్టరయ్యారు. ఆగిరిపల్లి, హైదరాబాదు, కలకత్తా, వాల్తేరు, లండన్, మళ్లీ హైదరాబాదు, బెంగళూరు: మన టీసీల కట్ట ఆయన ముందు ఏపాటి!

ఆయన డైరెక్టరైన ఆ 1957లోనే అమెరికాలో ఇద్దరు శాస్త్రవేత్తలు వజ్రాన్ని మళ్లీ కొలిచారు. భగవంతం, భీమసేనాచార్ గార్ల మూడు అంకెల్లో ఒకటి మూడింతలకు పైగా ఎక్కువ చెప్పినట్టు తేలింది. మిగతా రెండూ కొంత తక్కువ. ఈ సంగతి ఇలాంటి వ్యాసాల్లో మామూలుగా రాయరు. దాచిపెట్టాల్సిన అవసరం మాకైతే కనిపించలేదు. వాళ్లు అంకెలతోపాటు పద్ధతిని కూడా అచ్చులో పెట్టారు కాబట్టే ఇంకొకరు పోల్చి చూడగలిగారు.

1961లో రక్షణ మంత్రికి శాస్త్ర సలహాదారుగా ఢిల్లీ వచ్చారు. అంతకుముందు ఆ పదవిలో ఉన్నవారు డి.ఎస్. కొఠారీ గారు. రక్షణ పరిశోధన సంస్థ బాధ్యత కూడా ఆ పదవిదే. మరుసటి ఏడే చైనాతో యుద్ధం, 1965లో పాకిస్తాన్‌తో యుద్ధం. లడఖ్‌లో సున్నాకు 20 డిగ్రీలు కిందా, రాజస్థాన్ ఇసుకలో 45 పైనా ఒకే రేడియో సెట్టు ఒకే ఫ్రీక్వెన్సీలో పలకాలి. పలకకపోతే అవతలి శిబిరానికి మాట అందదు. మీలో కొందరి నాన్నలు, అమ్మలు ఆ రెండు చోట్లా పనిచేసినవాళ్లే, ఇంట్లో అడగండి.

ఫైళ్లతో, యుద్ధాలతో నిండిన ఆ ఢిల్లీ రోజుల్లోనే, 1966లో, స్ఫటికాల సౌష్ఠవం, వాటి భౌతిక గుణాల మీద ఆయన పుస్తకం లండన్‌లో అచ్చయింది. వాల్తేరులో మొదలుపెట్టిన పనిని ఇన్ని బదిలీల్లోనూ వదల్లేదన్నమాట. 1969 దాకా ఆ పదవిలో ఉన్నారు. 1989 ఫిబ్రవరి 6న కన్నుమూశారు.

ఈ చలికాలం సెలవుల్లో ఒక పని చేద్దాం. ఇంట్లో గోడ గడియారాన్ని ఫోనులో టైముతో సెకన్లతో సహా కలిపి పెట్టండి. వారం రోజులు రాత్రంతా చల్లగా ఉండే బాల్కనీ గదిలో ఉంచి, ఎన్ని సెకన్లు తేడా వచ్చిందో రాసుకోండి. తర్వాత వారం వంటింట్లో పెట్టి చూడండి. స్కూలు తెరిచాక ఆ అంకెలు తెలుగు క్లాసుకు తీసుకురండి.