అన్నపూర్ణ డొక్కా సీతమ్మగారు

గోదావరిసీమలోని మండపేటలో 1841లో జన్మించిన సీతమ్మగారికి అన్నదానం పుట్టింటి సంపద. ఆమె తండ్రి అనుపిండి భవానీశంకరంగారిని లోకులు బువ్వన్న అనేవారు. లంకల గన్నవరంలో డొక్కా జోగన్నగారి ఇల్లాలైన పిమ్మట ఆమె వేళాపాళా ఎంచక, వచ్చిన వారికెల్ల విస్తరి వేశారు.

ఒకమారు అంతర్వేది నరసింహస్వామి దర్శనానికై పల్లకిలో బయలుదేరారట. దారిలో ఆకలితో నకనకలాడుతున్న పెళ్ళివారు, గన్నవరం చేరితే సీతమ్మగారింట అన్నం దొరుకుతుందని పిల్లలను ఊరడించుకోవడం ఆమె చెవినిబడింది. వారు పోయేసరికి ఇంట తాను ఉండదు. స్వామి దర్శనం మరొకనాడైనా లభిస్తుంది. పసివారి ఆకలి ఆగదు. పల్లకిని వెనుకకు మరలించి, ఇల్లు చేరి, పొయ్యి వెలిగించి, అందరికీ కడుపునిండ వడ్డించారు.

ఆమె 1909లో పరమపదించారు. గన్నవరంవద్ద వైనతేయపై కట్టిన కొత్త అక్విడక్టుకు ఆమె పేరే పెట్టారు.