ఒక యుద్ధంలో హీరో.. మరో యుద్ధంలో ద్రోహి! రెనో కంపెనీ పెట్టిన లూయీ రెనో కథ ఇదీ

మన రోడ్ల మీద తిరిగే క్విడ్, డస్టర్ కార్లపై కనిపించే పేరు రెనో. అది ఓ మనిషి ఇంటి పేరు. ఫ్రాన్స్‌ని కాపాడిన బండ్లు చేశాడని ఒకప్పుడు జనం ఆయనకు జేజేలు కొట్టారు. పాతికేళ్లు తిరిగాక, శత్రువుకి లారీలు చేసిచ్చాడని జైల్లో పెట్టారు. అసలేం జరిగింది?

లూయీ రెనో 1877లో ప్యారిస్‌లో పుట్టాడు. తండ్రిది గుండీలు, బట్టల వ్యాపారం. లూయీకి మాత్రం చదువు మీద కంటే యంత్రాల మీదే ధ్యాస. 1898లో బియాంకూర్‌లోని ఇంటి పెరట్లో, చిన్న షెడ్డులో తొలి కారు తయారు చేశాడు. ఆ ఏడాది క్రిస్మస్ ముందు రోజు దాన్ని మోమార్త్ కొండ మీద నిటారు రోడ్డు ఎక్కించాడు. చూసినవాళ్లు అక్కడికక్కడే ఆర్డర్లు ఇచ్చేశారు. మర్నాటి ఏడాది అన్నలతో కలిసి కంపెనీ పెట్టాడు. 1903లో ప్యారిస్-మాడ్రిడ్ రేసులో అన్న మార్సెల్ చనిపోయాడు. 1909లో ఇంకో అన్న ఫెర్నాండ్ కూడా పోయాడు. ఇక కంపెనీ మొత్తం లూయీ ఒక్కడి చేతికే వచ్చింది.

సీన్ కట్ చేస్తే.. 1914 సెప్టెంబర్. జర్మన్ సైన్యం ప్యారిస్ దగ్గరికి వచ్చేసింది. జనరల్ గాలియెనీ ఊళ్లోని ట్యాక్సీలన్నీ రప్పించాడు. సుమారు 600 ట్యాక్సీలు, ఒక్కోదాంట్లో ఐదుగురు సైనికుల్ని ఎక్కించుకుని మార్న్ యుద్ధరంగం వైపు బయల్దేరాయి. వాటిలో ఎక్కువ శాతం రెనో బండ్లే. నిజానికి ఎక్కువ మంది సైనికులు రైళ్లలోనే వెళ్లారు. కానీ జనం గుండెల్లో నిలిచిపోయింది మాత్రం ఆ ట్యాక్సీలే.

అంతటితో ఆగలేదు. బరువైన ఫిరంగుల్ని బురదలో లాగడం గుర్రాల వల్ల కాలేదు. దాంతో నాలుగు చక్రాలకూ ఇంజిన్ శక్తి అందే ఫిరంగి ట్రాక్టర్లు రెనో ఫ్యాక్టరీ నుంచి వచ్చాయి. సైనిక లారీలు వచ్చాయి. 1918లో ఎఫ్‌టీ ట్యాంకులు రంగంలోకి దిగాయి. 3 వేలకు పైగా తయారైన ఆ చిన్న ట్యాంకు, గుండ్రంగా తిరిగే టరెట్‌తో తర్వాతి ట్యాంకులన్నిటికీ నమూనా అయింది. ప్రభుత్వం లూయీకి లీజియన్ ఆఫ్ ఆనర్ ఇచ్చి గౌరవించింది.

1930ల్లో మరో బండి వచ్చింది. పేరు యూఈ. ఇద్దరు కూర్చునే ఈ బుల్లి ట్రాక్టర్ పదాతిదళానికి మందుగుండు మోసేది, చిన్న ఫిరంగుల్ని లాగేది. దాదాపు 5 వేలు తయారయ్యాయి. విధి ఎలా ఉందంటే.. 1940లో ఫ్రాన్స్ ఓడిపోయాక వీటిలో చాలావరకు జర్మన్ల చేతికి చిక్కాయి. వాళ్లు వాటికి తమ ఫిరంగులే తగిలించుకున్నారు.

ఓటమి సమయానికి లూయీ అమెరికాలో ఉన్నాడు. ట్యాంకుల కోసం ప్రభుత్వమే ఆయన్ని అక్కడికి పంపింది. అక్కడే ఉండిపోవచ్చు. కానీ వెనక్కి వచ్చేశాడు. ఆ ఫ్యాక్టరీయే ఆయన ప్రాణం మరి. అప్పటికే అందులో డైమ్లర్-బెంజ్ మనుషులు పర్యవేక్షకులుగా కూర్చున్నారు. నాలుగేళ్లలో జర్మన్ సైన్యానికి 30 వేలకు పైగా వాహనాలు వెళ్లాయి. సైనికుల్ని, సరుకుల్ని మోసే మూడున్నర టన్నుల ఏహెచ్ఎన్ లారీ వాటిలో ఒకటి.

ఆ లారీల కోసమే 1942 మార్చి 3 రాత్రి 235 బ్రిటిష్ విమానాలు బియాంకూర్ మీద బాంబులు కురిపించాయి. 300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువ మంది ఆ చుట్టుపక్కల కాపురం ఉండే సామాన్య పౌరులే. లూయీ ఫ్యాక్టరీని మళ్లీ నిలబెట్టాడు. లారీల తయారీ మళ్లీ మొదలైంది.

పని ఆపేస్తే యంత్రాల్ని, కార్మికుల్ని జర్మనీకి పట్టుకుపోయేవాళ్లన్నది ఆయన తరఫువాళ్ల వాదన. ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ 1943లో ప్యూజో ఫ్యాక్టరీలో యాజమాన్యం సహకారంతోనే ప్రతిఘటన దళం యంత్రాల్ని పేల్చేసింది. అంటే వేరే దారి లేదని పూర్తిగా అనలేం.

1944 ఆగస్టులో ప్యారిస్‌కి విముక్తి దొరికింది. సెప్టెంబర్ 23న లూయీ అరెస్ట్ అయ్యాడు. ఫ్రేన్ జైల్లో పెట్టారు. అప్పటికే ఆయనకి మాట సరిగా వచ్చేది కాదు. నెల రోజులకే, అక్టోబర్ 24న చనిపోయాడు. జైల్లో కొట్టడం వల్లే పోయాడని కుటుంబం ఆరోపించింది. 1945 జనవరిలో ప్రభుత్వం కంపెనీని జాతీయం చేసేసింది. పరిహారం కోసం మనవలు, మనవరాళ్లు 2011లో కోర్టుకెక్కినా ఫలితం దక్కలేదు.

ఒక్క విషయం మాత్రం తేలకుండానే మిగిలిపోయింది. లూయీ రెనో మీద విచారణ జరగలేదు. దోషి అని తీర్పు రాలేదు, నిర్దోషి అనీ రాలేదు. పేరు మాత్రం ఇప్పటికీ రోడ్ల మీద తిరుగుతూనే ఉంది.